ఎడమచేతి కింద తెలుపు

పోయినవాళ్లకు కూడా మొహం తుడిచి, చెదిరిన బొట్టు దిద్ది, నీలం తెర ముందర కూర్చోబెట్టే మనిషి నంద్యాలలో ఒకామె ఉంది. పేరు పుష్పావతి. శ్రీనివాస సెంటర్ వెనక సందులో ఆమె ఫోటో షాపు. ముందు గదిలో ఫ్రేములు, వెనక గదిలో కంప్యూటరు. పద్నాలుగేళ్లుగా ఆమె పని ఒకటే. ఎవరి పెళ్లి గుంపులోనో మూలన నక్కిన తాతను బయటికి లాగడం, ఆయన పక్కనున్న బతికినవాళ్లను తుడిచెయ్యడం. దండ వేసే పటంలో బతికున్న మనిషి వేలు కూడా మిగలకూడదని ఆ చుట్టుపక్కల పట్టింపు. మిగిలితే దండ వాళ్లకు కూడా పడినట్టేనట. భుజం మీద చెయ్యేసిన స్నేహితుడి చెయ్యి ఒక్కటి పొరపాటున ఉండిపోయిందని ఫ్రేము అక్కడే పారేసి పోయిన పెద్దమనుషులున్నారు.

తుడిచినంత మాత్రాన వాళ్లు ఎక్కడికి పోతారు? బజార్లోనే తిరుగుతుంటారు. కూరగాయల దగ్గర ఎవరైనా పలకరిస్తే పుష్పావతి ఒక్క క్షణం తికమకపడుతుంది. ఈయనను నేను ఎప్పుడో చెరిపేశాను కదా, మళ్లీ ఎట్లా వచ్చాడు అనుకుంటుంది. ఆయనేమో నిక్షేపంగా వంకాయలు బేరమాడుతుంటాడు. మనుషులను ఇంత తేలిగ్గా మాయం చేసే చేతులు తనవని ఆమెకు కొంచెం భయం, దాచుకోవడం దేనికి, కొంచెం గర్వం కూడా.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం. మబ్బు కమ్మింది గానీ చినుకు లేదు. అన్నం తిన్న మత్తు, తలమీద ఫ్యాను గరగర, గోడ నిండా ఎవరెవరివో పెద్దలు. పుష్పావతి కళ్లు సగం మూతపడి, గోడమీదివాళ్లు ఒకరితో ఒకరు మెల్లిగా మాట్లాడుకుంటున్నట్టు అనిపించే వేళకు గడపలో ఒక గొంతు వినిపించింది.

"అక్కా, మాయమ్మకు ఎడమ చెయ్యి లేదు. చేసియ్యల్ల."

పుష్పావతి ఉలిక్కిపడి లేచింది. ఎదురుగా ముప్పై దగ్గర పడిన మనిషి. బురద ఆరిన పాదాలు, చేతిలో ఒక పెన్‌డ్రైవు. పేరు హేమలత, శిరివెళ్ల పక్క పల్లె. ఆళ్లగడ్డలో ఈశ్వరయ్య అనే శిల్పి దగ్గర తన తల్లి విగ్రహం చెక్కిస్తోంది. కుర్చీలో కూర్చున్న మనిషి, నల్లరాయి. అంతా అయిపోయింది, ఎడమ చెయ్యి తప్ప. ఫోటోలో ఆ చెయ్యి మణికట్టు దగ్గర నుంచి తెల్లగా కరిగిపోయి ఉంది. లేని చెయ్యిని చెక్కలేక ఈశ్వరయ్య ఆ చోట రాయిని ముద్దగా వదిలేశాడు.

"ఆయప్ప రేపు పొద్దునకల్లా చెయ్యి సూపియ్యకుంటే తామరమొగ్గ పెట్టేస్తా అంటాండాడు. సోమవారం మాయమ్మ తద్దినం. ఆ పొద్దుకు చేలో కూచోబెట్టల్ల."

"పెట్టనీలే. మొగ్గ బాగుంటాది గదా," అంది పుష్పావతి, ఆవులింత ఆపుకుంటూ.

"మాయమ్మ లక్ష్మీదేవి గాదక్కా, కలుపు తీసే మనిషి. పువ్వు పట్టుకోని కూచుంటే ఊరంతా నవ్వుతారు." హేమలత స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ చెయ్యి ఎట్లుండేదో నాకు తెల్దు. నాకు పదో నెలలో పోయింది. జబ్బు మనిషి, పిల్లకు అంటుకుంటాదని దూరం పెట్టినారంట. నన్ను ఒక్కతూరి గూడ ఎత్తుకోకుండానే పాయెనని మా అవ్వ చెప్తాండె. తాకని చెయ్యి ఎట్లుంటేనేం అనుకుంటా. మళ్లీ మనసొప్పదు. సూడల్ల అనిపిస్తాది."

వాన పడిందా లేదా అని చెప్పినంత మామూలుగా చెప్పింది. పుష్పావతికి మత్తు దిగిపోయింది. ఈ పని చెయ్యకపోతే తనకు ఆ రాత్రి అన్నం దిగదని అప్పుడే తెలిసిపోయింది.

పెన్‌డ్రైవు వాళ్ల అవ్వ పోయాక పెట్టెలో దొరికిందట. అందులో ఒకే ఫైలు. తెరిచింది. తెల్లగా ఉండాల్సిన చోటంతా బూడిదరంగు, తెలుపు గళ్లు పరుచుకున్నాయి. ఇక్కడ ఏమీ లేదు అని చెప్పడానికి సాఫ్ట్‌వేర్లు వేసే గళ్లు అవి. ఆ గళ్ల మధ్యన ఒక చిన్న వయసు ఆడమనిషి, బక్కగా, కుర్చీలో నిటారుగా ఉంది. మొహం, భుజాలు బాగానే ఉన్నాయి. ఎడమ మోచేతి నుంచి మాత్రం పలచబడుతూ పోయింది. ఒళ్లో చీర కుచ్చిళ్ల మీదుగా కూడా గళ్లు కనిపిస్తున్నాయి. అలవాటు కొద్దీ వెనక నీలం తెర పెట్టింది పుష్పావతి. చెయ్యి నీలమైపోయింది.

"అదేందక్కా, మాయమ్మ చేతిలోంచి గోడ కనపడతాండాది!" హేమలత గబుక్కున లేచింది. తన ఫోన్లో అదే ఫైలు తీసి చూపించింది. "సూడు, దీంట్లో తెల్లగా బాగుండాది. నీ కంప్యూటరే ఏమో చేసింది."

ఫోన్లో నిజంగానే తెలుపు. కంప్యూటర్లో మామూలుగా ఫోటోలు చూసే ఇంకో ప్రోగ్రాంలో తెరిస్తే నలుపు. ఒకే మనిషి, ఒకే ఫైలు, ఒకచోట తెల్లని పగట్లో కూర్చుంది, ఒకచోట చీకట్లో, ఒకచోట గళ్లలో. ఏ ఎండకా గొడుగు పట్టే ఇటువంటి ఫైళ్లంటే పుష్పావతికి ఒళ్లుమంట. పోయిన నెల మార్చిన కొత్త సాఫ్ట్‌వేర్‌ను నాలుగు తిట్లు తిట్టింది. మూసి తెరిచింది. కంప్యూటరు ఆపి మళ్లీ వేసింది. కాపీ తీసి వేరే రకం ఫైలుగా మార్చింది. మార్చితే మణికట్టు ఇంకొంచెం పైకి కరిగింది. ప్రతిసారీ ఆ బక్క మనిషి ఇంకాస్త గాలిలో కలుస్తున్నట్టు అనిపించి, ఇక మార్చడానికి చెయ్యి రాలేదు.

ఫ్యాను గాలికి హేమలత ఫ్రేముల వరసకు తల ఆనించి నిద్రపోయింది. తెల్లారుజామున నాటు వేసి వచ్చిన మనిషి. రెండు పక్కలా ఎవరివో తాతలు, అవ్వలు కాపలా ఉన్నట్టు కూర్చున్నారు.

పుష్పావతి డోన్‌లో ఉన్న మరిదికి ఫోన్ చేసింది. జయంత్‌కు అక్కడ ఫ్లెక్సీల షాపు. ఈ పని ఆమెకు నేర్పింది అతనే. అంతా విని నవ్వాడు.

"అది తెలుపు గాదు వదినా, ఖాళీ. ఎవరో రబ్బరుతో తుడిచినారు. ఖాళీకి ఒక్కో సాఫ్ట్‌వేరు దాని ఇష్టమొచ్చిన రంగు ఏస్తాది. ఒగటి తెలుపేస్తాది, ఒగటి నలుపేస్తాది. నీ కొత్తది ఖాళీని ఖాళీగానే సూపిస్తాండాది, అంతే. దాన్ని తిట్టాకు."

"మరి చెయ్యి పోయినట్టేనా?"

"తుడిస్తే రంగు పోదు, కనపడకుండా పోతాది. సేవ్ చేసేటప్పుడు కింద రంగు ఉంచుమని టిక్కు పెట్టింటే అంతా లోపల్నే ఉంటాది. మన షాపులో చేసిందైతే పెట్టింటాం. పార్టీలు మనసు మార్చుకుంటారని నేనే నీకు చెప్పింటి గదా. రబ్బరు ఆప్షన్లలో తిరగేసి రుద్దేది ఒకటుండాది, సూడు. ఇంతకూ ఎవురు చేసిన ఫైలది?"

పుష్పావతి అప్పుడు ఫైలు పేరు సరిగ్గా చూసింది. తారీఖు పదకొండేళ్ల కిందటిది. దాని పక్కన పి.వి. అని రెండక్షరాలు. తను చేసిన ప్రతి ఫైలుకూ తను పెట్టుకునే అక్షరాలు.

ఫోన్ ఎప్పుడు పెట్టేసిందో ఆమెకు తెలియలేదు. నీళ్ల అడుగున పడిన వస్తువు కదలకుండా చూస్తే మెల్లగా కనబడినట్టు, ఒక ముసలామె కనబడింది. దేవమ్మ. ఇదే స్టూలు మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. మనుమరాలి పెళ్లికి తల్లి పటం కావాలంది. చీర కొంగులో చుట్టి తెచ్చిన ఫోటో బయటికి తీసింది. ఆ ఫోటోలో కుర్చీలో తల్లి ఉంది. తల్లి ఒళ్లో పిల్ల ఉంది.

"పిల్ల బతికే ఉండాది. దాని మింద దండ పడగూడదు. తీసెయ్ మ్మా," అంది. పుష్పావతి తుడుస్తూ ఉంటే పక్కనే కూర్చుని కన్నార్పకుండా చూసింది. పిల్ల మొహం దగ్గరికి వచ్చేసరికి ముసలామె పుష్పావతి మోచెయ్యి పట్టుకుంది. "కండ్ల కాడ మెల్లిగా పో. నొప్పి పుడ్తాది." పుష్పావతి అప్పుడు నవ్వుకుంది. పెళ్లయి మూడు నాలుగేళ్లయిన రోజులు, ఇంకా నవ్వే వయసు.

పోయేముందు ముసలామె ఇంకో మాట అంది. "పిల్ల ఎప్పుడన్నా వస్తే ఇది సూపియ్యాకు. తల్లి ఒళ్లో కూచున్నట్టు సూసుకుంటే, పిల్ల మనసు ఆడికే పోతాది. ఆ తల్లి గూడ పిలుస్తాది. దానికి తల్లి తాకనే లేదని చెప్పి పెంచుకుంటి. అట్లయితేనే నాకు దక్కింది." తర్వాత అరచెయ్యి చాపింది. పుష్పావతి ఆ చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది. ఇన్నేళ్లలో వందలమందిని తుడిచింది, ఆ మాట ఆమెకు గుర్తే లేదు.

ఇప్పుడు రబ్బరు తిరగేసింది. ఒళ్లో గళ్ల మీద మెల్లగా రుద్దింది. ముందర చిన్న కాలు వచ్చింది, కాలికి మువ్వల కడియం. తర్వాత గౌను అంచు, అంచుకు కుట్టిన లేసు. ఒకటొకటిగా, తొందరేమీ లేనట్టు వస్తున్నాయి. వెనక గది, సందు, సెంటర్‌లో ఆటోల మోత అన్నీ దూరం జరిగిపోయాయి. ఆ గళ్ల అవతల ముప్పై ఏళ్ల నాటి మధ్యాహ్నం ఒకటి అట్లాగే ఉండిపోయి, ఎవరైనా తలుపు తీస్తారేమోనని చూస్తున్నట్టుంది. ఆమె రుద్దుతూ పోయింది. కళ్ల దగ్గరికి వచ్చేసరికి తనకు తెలియకుండానే మెల్లగా పోయింది.

చెయ్యి దొరికింది. మోచేతి నుంచి మణికట్టు, మణికట్టు నుంచి అరచెయ్యి. నాలుగు వేళ్లు పిల్ల పొట్టను చుట్టి పట్టుకున్నాయి. చూపుడు వేలు ఒక్కటి చాచి ఉంది. ఆ వేలిని పిల్ల పిడికిట్లో బిగించి పట్టుకుంది.

పుష్పావతి వెనక్కి వాలి కూర్చుంది. పిల్లను వదిలి చెయ్యి ఒక్కటే తీసి ఇద్దామా అని కాసేపు చూసింది. కుదరదు. వేలు పిల్ల పిడికిట్లో ఉంది. ఇస్తే రెండూ ఇవ్వాలి, లేకపోతే రెండూ లేవు. దొరకలేదమ్మా అని ఒక్క మాట చెబితే సరిపోతుంది. ఈశ్వరయ్య మొగ్గ పెట్టేస్తాడు, ముసలామెకిచ్చిన మాట నిలబడుతుంది, తను చేసిన పని కూడా ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు సిగ్గేసింది. ఆ ముసలామె దాచింది ప్రేమతో. తను దాస్తే భయంతో దాచినట్టవుతుంది.

"నీకిచ్చిన మాట తప్పుతాండా, దేవమ్మా. కోపమొస్తే నా మింద పడు. పిల్ల మింద పడాకు," అంది పైకే. చచ్చినవాళ్లతో మాట్లాడటం ఆమెకు కొత్త కాదు. వాళ్లు ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

హేమలతను తట్టి లేపింది. హేమలత కళ్లు నులుముకుంటూ కంప్యూటరు ముందుకు వచ్చింది. ముందర చెయ్యి చూసింది. తర్వాత ఒడి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ పిల్ల ఎవురక్కా?"

ఈ మనిషి తన చిన్నప్పటి మొహం ఎప్పుడూ చూడలేదు. చూపించేవాళ్లు లేరు.

"నువ్వే," అంది పుష్పావతి. ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా చెప్పేసింది. "మీ అవ్వ తెచ్చింది. నీ మీద దండ పడగూడదని తీసెయ్యమంది. తీసింది నేనే. నీకు సూపియ్యనని మాట గూడ ఇచ్చింటి."

హేమలత తెర మీద పిల్ల కాలి కడియం దగ్గర వేలు పెట్టింది. అక్కడి నుంచి పైకి, పిడికిలి దాకా తెచ్చింది.

"ఎత్తుకునింది," అంది. మొహం తుడుచుకుని, "మా అవ్వ ఎంత గట్టిదో సూడు. సచ్చేదాంక నోరు ఇప్పలా," అంది. కోపంగానే అంది. ఆ కోపంలో ముసలామె మీద ముద్దు కూడా ఉంది. తర్వాత పుష్పావతి వైపు తిరిగింది. "నువ్వు తుడిచినావు, నువ్వే తెచ్చిస్తివి. ఇంగేం ఉండాది? ప్రింటు తియ్ బేగా. నాలుగు గంటల బస్సు ఉండాది."

పుష్పావతి రెండు ప్రింట్లు తీసింది. ఏమనుకుందో, షాపు షట్టరు దించి తనూ బస్సెక్కింది.

శిరివెళ్ల దాటేసరికి చినుకు మొదలైంది. కిటికీలోంచి వరి మళ్లు, మళ్ల అవతల నల్లమల కొండలు, కొండల మీద వాన తెర. ఒక కొండ కనబడుతుంది, మాయమవుతుంది, మళ్లీ కొంచెం పక్కన కనబడుతుంది. హేమలత ప్రింటును ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒళ్లో బోర్లించుకుని రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. తిట్టినా బాగుండేది అనుకుంటూ ఎక్కిన పుష్పావతి, తిట్టనందుకు కృతజ్ఞతతో ఆళ్లగడ్డలో దిగింది.

ఈశ్వరయ్య రోడ్డు పక్క రేకుల షెడ్డులో దేవుళ్ల మధ్య కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అరవై దాటిన మనిషి, కనుబొమల నిండా రాతి పొడి. ప్రింటు అందుకుని వెలుగుకు పట్టాడు.

"ఇదా! అందుకే ఆ భుజం అట్ల వంగింది. నేను చెక్కతాంటే ఒకటే అనుమానం. ఏందో బరువు మోస్తాండాది ఈ మనిషి అనుకుంటి." తర్వాత తల అడ్డంగా ఊపాడు. "చెయ్యి చెక్కుతా. పిల్లను మాత్రం చెక్కను పాపా. బతికిన మనిషిని రాయి చెయ్యగూడదు. మా నాయన చెయ్యలేదు, నేను చెయ్యను."

"నేను అడగలేదు గదప్పా," అంది హేమలత. "చెయ్యి సాలు. వేలు మాత్రం అట్లనే ఉండల్ల. చాపిందే."

"పిడికిలి లేకుండా ఒట్టి వేలా? సూసేవాళ్లకు ఏందో సూపిస్తాండేటట్లు ఉంటాది."

"ఉండనీ."

ఈశ్వరయ్య ఆమె మొహం ఒకసారి, ప్రింటు ఒకసారి చూశాడు. బీడీ పారేసి ఉలి తీసుకున్నాడు.

ఆదివారం పొద్దున హేమలత ఫోన్ చేసింది. పుష్పావతి మళ్లీ వెళ్లింది. షెడ్డు బయట గడ్డి పరిచిన ట్రాక్టరు ట్రాలీ సిద్ధంగా ఉంది. లోపల నల్లరాతి మనిషి, ఇరవై ఏళ్లు నిండీ నిండని మనిషి, కుర్చీలో కూర్చుని ఉంది. ఒడి ఖాళీ. నాలుగు వేళ్లు దేనినో చుట్టి పట్టుకున్నట్టు వంగి ఉన్నాయి. చూపుడు వేలు చాచి ఉంది. వానకు తడిసిన వెలుగులో ఆ మనిషి ఇప్పుడే తల తిప్పి పిలిచేట్టుంది.

ఈశ్వరయ్య ఉప్పుకాగితంతో ఆ వేలిని చివరిసారి రుద్ది, గుడ్డతో తుడిచి పక్కకు జరిగాడు.

"పాపా, ట్రాలీకి ఎత్తకముందే సూసుకో. ఫోటోలో పిల్ల పిడికిట్లో ఉండె గదా, లావు ఎంతో నాకు అందాజు తెలీలా. లావయితే ఈడనే రెండు గీతలు తగ్గిస్తా."

హేమలత దగ్గరికి పోయింది. చేతులు చీరకు తుడుచుకుంది. నిలబడితే ఎత్తు కుదరక, ఆ రాతి మోకాళ్ల ముందు నేలమీద కూర్చుంది. చెయ్యెత్తి ఆ వేలిని పిడికిట్లోకి తీసుకుంది.

"ఎట్లుండాది? లావా, సన్నమా?" అని అడిగాడు ఈశ్వరయ్య.

ట్రాక్టరు డ్రైవరు బయటనుంచి రెండుసార్లు హారను కొట్టాడు. ఈశ్వరయ్య ఇంకోసారి అడగబోయి, పుష్పావతి మొహం చూసి ఊరుకున్నాడు. గుడ్డ కింద పెట్టి బయటికి పోయి, ఇంకాసేపు ఆగమని డ్రైవరుకు చెప్పాడు.

హేమలత ఆ వేలు వదల్లేదు.